కుడి చెవి పాట

ఇయర్‌ఫోన్లు చెవిలో సరిగా అమరాయో లేదో తెలుసుకోవడానికి నేను పాట పెట్టి చూడను. ఉదయం కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఇంజిను ఆపకుండా నిలబడి ఉంటుంది. ఇయర్‌ఫోన్ల రెండు ముక్కలను చెవుల్లోకి తోసి, చెవి పైభాగాన్ని కొద్దిగా వెనక్కి లాగి వదిలితే ఆ ఇంజిను చప్పుడు పక్క వీధిలోకి జరిగినట్టు దూరమవ్వాలి. కాకపోతే చివరన తొడిగే సిలికాన్ టోపీ కొలత తప్పినట్టు లెక్క. నా ఎడమ చెవికి మధ్య కొలత, కుడి చెవికి పెద్ద కొలత సరిపోతాయి. మనిషి రెండు చెవులూ ఒక్క తీరుగా ఉండవన్న సంగతి నాకు నలభై ఎనిమిదో ఏట తెలిసింది.

నేను ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటును. తేదీ లేని సంతకాన్ని ఒప్పుకోని మనిషిని. ఇంట్లోనూ అదే అలవాటు. బస్సు కదిలిన వేళ, ఆ రోజు ఖర్చు, విన్న పాట డైరీలో రాసుకుంటాను. ఈ ఇయర్‌ఫోన్లు కొన్న రోజు నా భార్య అన్న మాట కూడా అందులో ఉన్నదున్నట్టుగా ఉంది: "గా పైసలతోని రెండు తలుపుల ఫ్రిజ్ వస్తుండె. పాటలు గూడ అందుల సల్లగుంటుండె."

కొనడానికి కారణం తొమ్మిది గజళ్లు. కామారెడ్డిలో బట్టల దుకాణం నడిపే నా మిత్రుడొకాయన ఉన్నాడు. నాకన్నా పెద్దవాడు, భాయ్ సాబ్ అని పిలుస్తాను. ఆయన తండ్రికి పాటలంటే ప్రాణం. తమ పాత ఇంటి పెద్ద గదిలో మిత్రులను కూర్చోబెట్టి గజళ్లు పాడించేవాడట, వాటిని టేపు మీదికి ఎక్కించేవాడట. పాడిన ఆమె కొంతకాలం ఈ ఊళ్లో ఉద్యోగం చేసి వెళ్లిపోయింది. బయటి లోకానికి ఆమె ఎవరో తెలియదు. ఆ టేపులను భాయ్ సాబ్ కంప్యూటరులోకి మార్పించి నాకు ఇచ్చాడు. మామూలు ఇయర్‌ఫోన్లలో అవి మూసిన గదిలోంచి వచ్చే మాటల్లా ఉండేవి. ఈ జతలో మొదటిసారి విన్న రోజున గాయని గొంతెత్తే ముందు తీసుకున్న ఊపిరి వినబడింది. ఎవరో సాసరు మీద కప్పు పెట్టారు. కమాను దిశ మార్చిన చోట సారంగి తీగ సన్నగా గీరుకున్నది. గాయని నాకు ఎడమవైపున, సారంగి, తబలా కుడివైపున కూర్చున్నట్టు కళ్లకు కట్టింది. నేను ఆ గదిలో నడుమ చాప మీద ఉన్నాను. ఆ తరువాత ఆ తొమ్మిదింటినీ ఎన్నిసార్లు విన్నానో రాసిపెట్టాను గాని, ఇక్కడ చెప్పను. నా భార్య దానిని రోగం కింద జమ కట్టింది.

కిందటేడు జూన్‌లో నాకు ఎల్లారెడ్డికి బదిలీ అయింది. ఆమె అక్కడి బడిలో చాలా ఏళ్లుగా లెక్కల టీచరు. ఇరవై రెండేళ్ల సంసారంలో మా ఇద్దరి ఉద్యోగాలు ఒకే ఊళ్లో పడడం అదే మొదలు. ఉదయం ఒకే బస్సులో పోయి, సాయంత్రం ఒకే బస్సులో రావడం. ఇంట్లో కలిసి ఉండే సమయానికి కొదువ లేదు గాని, అక్కడి మాటలన్నీ గ్యాసు బండ చుట్టూ, కరెంటు బిల్లు చుట్టూ, హాస్టల్లో ఉన్న మా అమ్మాయి ఫీజు చుట్టూ తిరిగేవి. బస్సులో అవేవీ ఉండవు. ఇరువైపులా వరి, ఒకరి పక్కన ఒకరం, గంటకు పైగా ప్రయాణం.

అది ఒక్క ఏడాది ముచ్చటేనని మాకు మొదటి రోజునే తెలుసు. ఆ బడిలో ఆమె ఉండదగిన కాలం ఈ వేసవితో ముగుస్తుంది. ఆ తరువాత బదిలీ తప్పదు. భార్యాభర్తలకు ఇచ్చే వెసులుబాటు ఇంతకుముందే వాడుకున్నాము. ఎల్లారెడ్డి దారిలో, లింగంపేటలోనో మరో ఊళ్లోనో బడి దొరికితే ప్రయాణం కొంతైనా మిగులుతుంది. బీబీపేట వైపు పడిందా, ఆమె బస్సు తూర్పుకు, నా బస్సు పడమటికి.

మొదటి వారం నేను అలవాటు ప్రకారం రెండు చెవుల్లోనూ పెట్టుకొని కళ్లు మూసుకున్నాను. రెండో వారంలో ఆమె నా భుజం తట్టింది.

"ఏమండీ, నేను పక్కల్నే ఉన్న. ఒక్క చెవన్న ఖాళీ ఉంచుకోండ్రి."

"మాట్లాడేదుంటే చెప్పు, తీస్తాను."

"ఏం లేదు. ఉన్నప్పుడు జెప్త. గప్పటిదాక ఒకటి నాకియ్యుండ్రి."

అంటూనే అందుకొని తన చెవిలో పెట్టుకున్నది. పెట్టుకున్న తీరు అడ్డదిడ్డంగా ఉంది. టోపీ ఆమె చెవికి పెద్దది. నిలువలేదు. నాకు మనసొప్పలేదు. ఆ సాయంత్రమే చిన్న కొలత టోపీలు తెప్పించాను. అప్పటి నుంచి మాకొక పద్ధతి ఏర్పడింది. మా నాయన వాడిన ముక్కుపొడి డబ్బీ ఒకటి ఇంట్లో ఉంటే కడిగి, అందులో టోపీలన్నీ వేసుకున్నాను. బస్టాండులో కూర్చోగానే కుడి ముక్కకున్న నా టోపీ తీసి, ఆమెది తొడిగి, అందించడం నా పని.

కుడిదే ఎందుకంటే, మేము కూర్చునే చోటును బట్టి. బస్సులో ఎడమవైపు ఇద్దరు పట్టే సీట్లు, కుడివైపు ముగ్గురు పట్టేవి. మూడో మనిషి ఉండడని ఎడమవైపు ఎంచుకునేవాళ్లము. ఆమెకు కిటికీ లేనిదే తల తిరుగుతుంది. కాబట్టి ఆమె నాకు ఎడమ పక్కన. ఆమె కుడి చెవి, నా ఎడమ చెవి పక్కపక్కన ఉంటాయి. కుడి ముక్క కుడి చెవికే, ఎడమ ముక్క ఎడమ చెవికే కుదిరేటట్టు వాటి ఆకారం. తీగ పొట్టిది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఇదే ఏర్పాటు. ఏడాదిలో ఒక్కసారి కూడా పక్కలు మారలేదు.

మా ఎదురు సీటులో రోజూ ఒక అవ్వ కూర్చునేది. తెల్లవారుజామున కామారెడ్డి మార్కెట్లో కూరగాయలు కొనుక్కొని, లింగంపేటలో దిగి అమ్ముకునేది. కొద్ది రోజులు మమ్మల్ని పరీక్షగా చూసి, ఒకనాడు మా ఇద్దరినీ కాకుండా కండక్టరమ్మను అడిగింది.

"పాపం, సారుకొక చెవు, టీచరమ్మకొక చెవు ఇనవడ్తలేనట్టున్నది. ఇద్దరికి గలిపి ఒక్కటే మిషిను గొనుక్కున్నరు. సర్కారు జీతాలు గూడ గట్లనే ఉన్నట్టున్నయి."

కండక్టరమ్మ నవ్వు ఆపుకోలేదు. "చెవు మిషిను గాదవ్వా, పాటల మిషిను. పాట సగం సగం పంచుకుంటరు గని, టికెట్ మాత్రం సారొక్కడే కొంటడు. టీచరమ్మకు ఫ్రీ."

"గట్లనా! మరి గా డబ్బీల ఏమున్నది బిడ్డా? ముక్కుపొడైతే జెరంత నాకు వెట్టు."

డబ్బీ తెరిచి చూపించాను. అవ్వ ఒక టోపీని వేళ్ల నడుమ నలిపి, వాసన చూసి, వెనక్కి ఇచ్చేసింది. "గిది దేనికి పనికొస్తది" అన్నది. నా భార్య ఆ మాటను నెల రోజుల దాకా నా మీద వాడుకున్నది.

ఆ తొమ్మిది గజళ్లే వినేవాళ్లము. వేరేవి పెట్టనా అని అడిగితే వద్దనేది. "ఇవే మంచిగున్నయి. వేరే పాటలల్ల మాటలు జాస్తి" అనేది. ఆమెకు ఉర్దూ రాదు. అర్థం అడుగుతుందేమో, చెబుదామని నేను నిఘంటువు చూసి సిద్ధపడి ఉండేవాణ్ణి. ఎన్నడూ అడగలేదు. సంగీతంలో అంతగా లీనమైన మనిషికి పదాలతో పనేమిటని సంతోషించాను. మూడో గజల్‌లో గాయని ఒక పాదాన్ని సగంలో వదిలి, ఊపిరి పీల్చి, మెల్లగా పైకి ఎత్తుకునే చోటు ఉంది. అక్కడికి రాగానే నేను వేలు ఎత్తి చూపేవాణ్ణి.

"చూశావా, ఎంత మెల్లగా అందుకున్నదో?"

"ఆఁ" అనేది కళ్లు మూసుకొనే. "దరువు గూడ ఆగింది. మళ్ల ఎప్పుడు మొదలైతదో అని పానం గుంజుతది."

లెక్కల టీచరు గదా, దరువు మీదనే ధ్యాస ఉంటుంది అనుకున్నాను.

ఇంకొకటి కూడా జరుగుతూ ఉండేది. వంటింట్లో ఆమె ఏదో కూనిరాగం తీసేది. ఎంత చెవి పెట్టి విన్నా అది నేనెరిగిన ఏ పాటకూ సరిపోయేది కాదు. వంకాయ కోస్తున్నప్పుడు మెల్లగా, చపాతీ ఒత్తుతున్నప్పుడు వేగంగా సాగేది. ఒకనాడు అడిగాను.

"ఎక్కడిది ఆ వరుస?"

"మీ పాటనే."

"నా పాట అట్లా ఉండదు."

"ఉంటది. మూడోది."

"మూడోది అట్లా ఉండదు. నేను దాన్ని..."

"ఎన్నిసార్లు ఇన్నరో రాసిపెట్టుకున్నరు, తెల్సు. గీ కొత్తిమీర కడుగుండ్రి."

కొత్తిమీర కడిగాను. శాస్త్రజ్ఞానం లేని మనిషి, శ్రుతి అటూ ఇటూ జరిగి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను.

ఎండలు ముదిరే వేళకు బదిలీల మాట మొదలైంది. బస్సులో టీచర్లంతా అదే మాట. ఖాళీల జాబితా వచ్చిన రోజున, బస్సులో మొదటిసారి మేము పాట పెట్టుకోలేదు. ఎల్లారెడ్డి దారిలో ఆమెకు తగిన ఖాళీలు రెండే కనిపించాయి. నేను ఆమెకన్నా ముందు ఎంతమంది ఉన్నారో, వారిలో ఎవరెవరు ఆ రెండూ కోరుకోవచ్చో లెక్క వేసి, ఒకటి దొరకడానికి అవకాశం బాగానే ఉందని చెప్పాను.

"మీ లెక్క మంచిగనే ఉన్నది గని, ముంగట ఉన్నోళ్లు మీ లెక్క చూసి కోరుకోరు గదండీ" అన్నది.

అదే అయింది. రెండూ ముందువాళ్లకే పోయాయి. ఆమెకు వచ్చింది బీబీపేట. ఫోనులో ఉత్తర్వు చూసుకున్నప్పుడు మేము ఎల్లారెడ్డి నుంచి తిరిగి వస్తూ బస్సులోనే ఉన్నాము. ఆమె ఫోను నాకు చూపించి, సంచిలో వేసుకొని, కుడి చెవి చాపింది. ముక్క అందించాను. మొదటి గజల్ నుంచి ఆరో గజల్ దాకా విన్నాము. కామారెడ్డి వచ్చింది. దిగేటప్పుడు, "బీబీపేట బడి మంచిగుంటదట. పిల్లలు గూడ ఎక్కువనే ఉన్నరట" అన్నది. మంచిదే అన్నాను.

కొత్త బడిలో చేరే రోజు ఉదయం ఇద్దరం కలిసే బస్టాండుకు వెళ్లాము. ఆమె బస్సు నా బస్సుకన్నా పది నిమిషాలు ముందు. ఇంట్లోనే నేను రెండు ముక్కలకూ ఆమె టోపీలు తొడిగి, పాటలను ఆమె ఫోనులోకి ఎక్కించి ఉంచాను. అందిస్తే తీసుకోలేదు.

"మీరేం జేస్తరు మరి?"

"ఈ ఏడాది రోజులూ ఒక్క చెవితోనే విన్నావు. ఒక్కరోజు రెండు చెవులతో విను. అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది."

"ఏం అసలు సంగతి?"

"గది కనబడుతుంది" అన్నాను. అంతకన్నా వివరించడం చేతకాలేదు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి ముక్కలను కుడి ఏదో ఎడమ ఏదో చూసుకుంటూ ఉన్న ఆమె కనిపించింది.

నేను ఎల్లారెడ్డి బస్సు ఎక్కి, ఎడమవైపు సీటులో అలవాటుగా కిటికీ వైపు వదిలేసి కూర్చున్నాను. అవ్వ ఎదురు సీటులోంచి అడిగింది. "టీచరమ్మ ఏది బిడ్డా? పానం మంచిగ లేదా?" బదిలీ అయిందన్నాను. "యేడికి?" "బీబీపేట." అవ్వ చేత్తో గాలిలో ఒక పక్కకు, ఆ తరువాత ఇంకో పక్కకు చూపి, "గటు ఆమె, గిటు నువ్వు" అన్నది. ఆపై కూరగాయల మాటల్లో పడింది. ఆనాడు లింగంపేట దాకా టమాటా ధర విన్నాను. చెవిలో ఏమీ లేకపోతే బస్సు ఎంత చప్పుడు చేస్తుందో కూడా చాలాకాలం తరువాత విన్నాను.

మధ్యాహ్నం భోజనం వేళ ఆమె నుంచి ఫోను వచ్చింది. బడి ఎట్లా ఉందని అడగబోయాను. అడగనివ్వలేదు.

"ఏమండీ, మీరు నాకు ఏ పాటలు ఎక్కించి ఇచ్చిండ్రు?"

"అవే. తొమ్మిది."

"అవి గావు. వీటిల ఎవరో ఒకామె పాడుతున్నది."

నాకు అర్థం కాలేదు. "ఆమె పాడుతుంది గదా. గజళ్లు గదా."

"నిరుడంత పాడలే మరి! సారంగి ఉండె, తబల ఉండె. ఎప్పుడన్న దూరంకెళ్లి, పక్కింట్ల ఎవరో పాడుకుంటున్నట్టు సన్నగ ఇనవడుతుండె. అది టేపుల తప్పేమో అనుకున్న. ఇప్పుడు జూస్తే గీమె చెవుల కూసోని పాడుతున్నది. నేను ఉలిక్కిపడి పక్కకు జూసిన. పక్క సీటు పిల్ల నవ్వింది."

నేను అన్నం ముందు కూర్చొని ఉన్నాను. ఏడాది పాటు నా పక్కన కూర్చున్న మనిషి వినని గొంతును నేను వేలు ఎత్తి చూపిస్తూ వచ్చాను. "మెల్లగా అందుకున్నది" అని నేనన్నది గాయనిని; "దరువు ఆగింది" అని ఆమె అన్నది తబలాను. ఇద్దరం ఒకే చోట కళ్లు మూసుకొని, ఒకే చోట తల ఊపి, రెండు వేరు వేరు పాటలు విన్నాము.

"హలో, ఉన్నరా?"

"ఉన్నాను. గొంతు ఎట్లా ఉంది?"

"మంచిగనే ఉన్నది. గని జెర ఎక్కువ మాట్లాడుతది."

ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా భాయ్ సాబ్ దుకాణానికి వెళ్లాను. ఆయన ఒక పెండ్లివారికి చీరలు చూపిస్తున్నాడు. వాళ్లు పోయేదాకా ఆగి సంగతి చెప్పాను. ఆయన నవ్వి నవ్వి మీటరు బద్ద కింద పెట్టేశాడు.

"క్యా సాబ్! ఇన్నేండ్ల సంది ఇంటున్నరు, ఇది తెల్వదా మీకు? మా అబ్బా దగ్గర ఉన్నయే రెండు మైకులు. ఒకటి ఆమె ముందట, ఇంకొకటి గది ఆ కొసకు, సారంగి, తబల సాజోళ్ల నడుమ. అటు మైకు అటే, ఇటు మైకు ఇటే. కలుపుడు గిలుపుడు ఏం లేదు. ఒక్క చెవుతోటి ఇంటే సగమే ఇనవడ్తది. మీకు తెల్వలేదంటే నాకు నమ్మబుద్ధి గాదు."

నాకెందుకు తెలియలేదో దుకాణం నుంచి ఇంటికి నడుస్తూ లెక్క తేల్చుకున్నాను. ఎడమ చెవిలో గాయని గొంతు మాత్రమే ఉన్నప్పుడు కూడా నేను సారంగిని విన్నాను, తబలాను విన్నాను. అవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో నాకు కంఠతా వచ్చు. చెవికి రానిదాన్ని జ్ఞాపకం పోసి పూడ్చింది. ఆమెకు పూడ్చడానికి ఏ జ్ఞాపకమూ లేదు. రెండు చెవులకు రెండు టోపీల కొలత తెలిసిన నేను, ఇంత చిన్న పరీక్ష చేసి చూడలేదు. ఇంట్లో కూర్చొని ఎడమ ముక్క తీసేసి, కుడి ముక్క ఒక్కటే పెట్టుకొని మూడో గజల్ విన్నాను. సారంగి ఒంటరిగా సాగింది. పదాల కోసం వదిలిన ఖాళీల చుట్టూ తిరుగుతూ, ఎవరికో జవాబు చెబుతున్నట్టు ఉంది. తబలా ఆగిన చోట నిజంగానే ప్రాణం గుంజింది.

అప్పుడే వంటింట్లోంచి ఆ కూనిరాగం వచ్చింది. ఆ ఏడాదంతా నేను తప్పు పట్టిన వరుస. మూడోదాన్ని మళ్లీ మొదటి నుంచి ఆమె ఎత్తుగడతో కలిపి పెట్టాను. సారంగి ఎక్కడ ఆగుతుందో ఆమె అక్కడ ఎత్తుకున్నది. అది పైకి పోతే ఆమె కిందికి వచ్చింది. నా చెవిలోది ఆమెకు వినబడదు; అంతా ఆమెకు కంఠతా వచ్చు. గాయని లేని చోట తాను కూర్చొని పాడుకున్న పాట అది. ఏడాది బస్సు ప్రయాణంలో కట్టుకున్న పాట. శ్రుతి ఎక్కడా జరగలేదు.

వంటింట్లోకి పోయి ఆ మాటే చెప్పాను.

"మరి నేను జెప్పలేదా మూడోదని?" అన్నది.

తరువాతి ఆదివారం ఉదయం ఆమెను బతిమాలి కూర్చోబెట్టాను. నా ఫోను నుంచి కుడి ముక్క ఆమె కుడి చెవికి. ఆమె ఫోను ఎదుట బల్ల మీద, ఆమె గొంతు పట్టుకోవడానికి. పంకా ఆపాను. కిటికీ మూశాను. నిశ్శబ్దం కోసం ఫ్రిజ్ కూడా ఆపుతుంటే చూసి, "గిది ఒక్క తలుపుదే, గంత చప్పుడు జెయ్యది" అన్నది. అయినా ఆపాను.

ఆమె మొదట సిగ్గుపడింది. గోడ వైపు తిరిగి మొదలుపెట్టింది. రెండో పాదానికి గోడను మరిచిపోయింది. నాకు ఆమె గొంతు తప్ప ఏమీ వినబడటం లేదు, సారంగి ఆమె చెవిలో ఉంది. ఈసారి లేని భాగాన్ని నేను పూడ్చలేదు, ఊరికే విన్నాను. సరిగ్గా ఆగవలసిన చోట ఆగింది. ఆ ఆగిన నిశ్శబ్దంలో పొయ్యి మీది కుక్కరు విజిల్ వేసింది. ఆమె చలించలేదు. అందుకొని చివరిదాకా పాడింది.

"కుక్కరు విజిల్ కూడా రికార్డులో పడింది. ఇంకొక్కసారి పాడు."

"ఒక్కసారే. పప్పు మాడుతది."

"నాలుగో పాదంలో కొంచెం తొందరపడ్డావు కూడా."

"నా పాట, నా ఇష్టం" అని లేచిపోయింది.

కంప్యూటరులో సారంగినీ గొంతునూ రెండు వైపులకు విడదీసి కూర్చడం నేర్చుకోవడానికి నాకు మరో రెండు ఆదివారాలు పట్టింది. మా అమ్మాయి ఫోనులో చెప్పింది, నేను కాగితం మీద రాసుకొని చేశాను. కుడివైపు సారంగి, తబలా ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. ఎడమవైపు గాయనిని తీసి, నా భార్యను పెట్టాను. ఎడమవైపునే ఎందుకంటే, బస్సులో ఆమె కూర్చునేది అటే.

ఇయర్‌ఫోన్ల విషయంలో కూడా ఒక ఒప్పందానికి వచ్చాము. వారంలో మూడు రోజులు బీబీపేట బస్సుకు, మూడు రోజులు ఎల్లారెడ్డి బస్సుకు. ముక్కుపొడి డబ్బీ కూడా వాటి వెంటే పోతుంది. ఆమె ఇప్పుడు అసలు గజళ్లను రెండు చెవులతో వింటుంది. గాయని మీద ఆమెకు ఇంకా కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి. బీబీపేట బడి గురించి ఫిర్యాదు లేదు. సాయంత్రం నాకన్నా ముందే ఇంటికి వచ్చి, టీ పెట్టి, పదాలకు అర్థం అడుగుతుంది. నిఘంటువు చివరికి పనికి వచ్చింది.

మొన్న నా వంతు రోజున బస్సు నిండి ఉంది. ఎదురు సీటు దొరకక అవ్వ వచ్చి నా పక్కన, కిటికీ దగ్గర కూర్చున్నది. గంప కాళ్ల దగ్గర పెట్టుకొని, నా చెవుల వైపు చూసింది.

"ఇప్పుడు రెండు చెవులు నీకే అయినయి."

"అయినయి అవ్వా."

"టీచరమ్మ ఎట్లున్నది?"

నేను డబ్బీ తీసి, ఎడమ ముక్కకు నా భార్య టోపీ తొడిగాను. తీగ పొట్టిది, అవ్వ మెడ వెనుక నుంచి తిప్పి, చెవి పైభాగం కొంచెం లాగి, ముక్కను అమర్చాను. ఇంజిను చప్పుడు దూరం జరిగినట్టుంది, అవ్వ కళ్లు పెద్దవయ్యాయి. పాట పెట్టాను. గొంతు మొదలు కాగానే అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నది.

"నీ యవ్వ! గిండ్లనే ఉన్నది గదా టీచరమ్మ!" అని బస్సంతా వినేటట్టు అన్నది. కండక్టరమ్మ వెనక్కి తిరిగి చూసింది. "టికెట్ లేకుంట ఎక్కిందా?" అన్నది.

"ఎక్కింది. కుక్కరు గూడ పట్టుకొచ్చింది" అన్నాను.

అవ్వ లింగంపేట దాకా దానిని తిరిగి ఇవ్వలేదు. అయిపోతే మళ్లీ పెట్టమన్నది. నాకు కుడి ముక్క మిగిలింది. అందులో సారంగి, తబలా మాత్రమే ఉన్నాయి. కిటికీ అవతల నాట్లు పడిన మడులు పోతున్నాయి, దరువు ఒక చోట ఆగి, మళ్లీ మొదలైంది. అవ్వ నా మోకాలి మీద కొట్టింది.

"సారూ, జెర మెల్లగ పాడు. నాకు టీచరమ్మ ఇనవడ్తలేదు."